బస్తర్‌కు వచ్చే విదేశీ అతిథులు, బస్తర్ నుంచి విదేశాలకు వెళ్లేవారు: మారిన ప్రయాణ నిబంధనలు ఏం చెబుతున్నాయి?

ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ జిల్లాలో, కాంగేర్ లోయ జాతీయ ఉద్యానవనం పరిధిలో ధూడ్‌మారాస్ అనే చిన్న గిరిజన గ్రామం ఉంది. ధుర్వా తెగవారు నివసించే ఈ ఊరిలో కొన్ని కుటుంబాలు తమ ఇళ్లలోనే పర్యాటకులకు బస ఏర్పాటు చేస్తున్నాయి. కాంగేర్ నదిలో వెదురు తెప్పలపై విహారం, అడవి దారుల్లో నడక, ఆకు దొన్నెల్లో భోజనం ఇక్కడి ఆకర్షణలు. ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ 2024లో తన గ్రామాభ్యున్నతి కార్యక్రమానికి ప్రపంచవ్యాప్తంగా 20 గ్రామాలను ఎంపిక చేసింది. వాటిలో ధూడ్‌మారాస్ ఒకటి. ఇది ‘ఉత్తమ పర్యాటక గ్రామం’ పురస్కారం కాదు. ఆ పురస్కారాన్ని 2021లో మన భూదాన్ పోచంపల్లి అందుకుంది. పురస్కార స్థాయికి చేరగల గ్రామాలకు చేయూతనిచ్చే కార్యక్రమంలో ధూడ్‌మారాస్‌కు చోటు దక్కింది. ఈ రెండింటినీ ఒకటిగా చెప్పే వార్తలు తరచుగా కనిపిస్తున్నందున ఈ వివరణ అవసరమైంది.

ఈ గుర్తింపు తరువాత గ్రామం పేరు విదేశీ పర్యాటకులకూ చేరింది. అయితే ఒక విదేశీయుడు ఆ ఊరి ఇంటి అరుగుపై సంచి దించిన క్షణం నుంచి ఆ ఇంటి యజమాని ఒక కేంద్ర చట్టం పరిధిలోకి వస్తాడు. 24 గంటల్లోగా అతిథి వివరాలను ప్రభుత్వానికి తెలియజేయవలసిన బాధ్యత అతనిది. అంతర్జాతీయ ప్రయాణ నిబంధనలు అనగానే మనకు విమానాశ్రయాలు, రాయబార కార్యాలయాలు గుర్తుకు వస్తాయి. నిబంధనలు తయారయ్యేది రాజధానుల్లోనే. వాటి బరువును మోసేది మాత్రం చాలా సందర్భాల్లో ఇటువంటి ఊళ్లు. గడచిన రెండేళ్లలో ఈ నిబంధనలు రెండు దిశల్లోనూ, అంటే వచ్చేవారి విషయంలోనూ వెళ్లేవారి విషయంలోనూ, గణనీయంగా మారాయి.

బస్తర్‌కు ద్వారాలు తెలుగు నగరాలే

రాయ్‌పూర్ ఛత్తీస్‌గఢ్ రాజధాని అయినా అక్కడి నుంచి విదేశాలకు నేరుగా ప్రయాణికుల విమానాలు లేవు. అందువల్ల బస్తర్ చూడదలచిన విదేశీయుడి పాస్‌పోర్టుపై ముద్ర పడేది ఢిల్లీలోనో ముంబయిలోనో, లేదా దగ్గరి దారి ఎంచుకుంటే హైదరాబాద్‌లోనో విశాఖపట్నంలోనో. ఈ-వీసాతో భారత్‌లో ప్రవేశించడానికి అనుమతించిన విమానాశ్రయాల జాబితాలో ఈ రెండు నగరాలూ ఉన్నాయి. జగదల్‌పూర్‌లోని మా దంతేశ్వరి విమానాశ్రయం నుంచి 2020 సెప్టెంబరులో ఉడాన్ పథకం కింద సాధారణ విమాన సేవలు మొదలయ్యాయి. తొలి మార్గం హైదరాబాద్, జగదల్‌పూర్, రాయ్‌పూర్‌లను కలిపింది.

రోడ్డు మార్గాన విజయవాడ సమీపంలోని ఇబ్రహీంపట్నం నుంచి భద్రాచలం, కోంటా, జగదల్‌పూర్ మీదుగా 30వ నంబరు జాతీయ రహదారి ఉత్తరాదికి సాగుతుంది. హైదరాబాద్ నుంచి వరంగల్, ఏటూరునాగారం మీదుగా వెళ్లే 163వ నంబరు జాతీయ రహదారి బీజాపూర్ జిల్లాలోని భోపాలపట్నం చేరుతుంది. కోంటా, భోపాలపట్నం ప్రాంతాల్లో తెలుగు నేటికీ వాడుక భాషే. 14వ శతాబ్దిలో ఓరుగల్లు పతనానంతరం ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుడు దంతేశ్వరీ దేవితో కలిసి ఈ దిక్కుగానే తరలివచ్చి బస్తర్ రాజ్యాన్ని స్థాపించాడని అక్కడి రాజవంశ సంప్రదాయం చెబుతుంది. సరిహద్దు దాటి వచ్చి స్థిరపడిన అతిథి కథతోనే బస్తర్ రాజ్య చరిత్ర మొదలవుతుందన్న మాట.

విశాఖ వైపు నుంచి కొత్తవలస-కిరండోల్ రైలు మార్గం అరకు లోయ మీదుగా జగదల్‌పూర్ చేరుతుంది. 1960వ దశకంలో నిర్మించిన ఈ మార్గం ప్రధానోద్దేశం ప్రయాణికులు కాదు. బైలాడిలా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి జపాన్‌కు ఎగుమతి చేయడం. బస్తర్ మనుషులు పాస్‌పోర్టు అన్న మాట వినకముందే బస్తర్ మట్టి సముద్రాలు దాటింది.

ఈ-వీసా, ఈ-అరైవల్ కార్డు

విదేశీ పర్యాటకులకు ఎలక్ట్రానిక్ పద్ధతిలో ప్రయాణ అనుమతి ఇచ్చే విధానాన్ని భారత్ 2014 నవంబరులో 43 దేశాలతో ప్రారంభించింది. నేడు 160కి పైగా దేశాల పౌరులకు ఈ-వీసా సౌకర్యం ఉంది. పర్యాటకానికి 30 రోజులు, ఏడాది, ఐదేళ్ల గడువుతో మూడు రకాల ఈ-వీసాలు లభిస్తున్నాయి. కరోనా వ్యాప్తి సమయంలో 2020 మార్చిలో నిలిచిపోయిన పర్యాటక వీసాలను 2021 నవంబరు నాటికి పునరుద్ధరించారు. సాధారణ అంతర్జాతీయ విమానాలు 2022 మార్చి 27 నుంచి తిరిగి మొదలయ్యాయి.

2025 అక్టోబరు 1 నుంచి మరో మార్పు వచ్చింది. విమానంలో కాగితంపై నింపే ఆగమన పత్రం స్థానంలో ఈ-అరైవల్ కార్డును ప్రవేశపెట్టారు. విదేశీయులు భారత్ చేరడానికి ముందు 72 గంటల వ్యవధిలో ఆన్‌లైన్‌లో దీనిని నింపాలి. రుసుము లేదు. ఇది వీసా కాదు, వీసాకు ప్రత్యామ్నాయమూ కాదు. ఇందులో భారత్‌లో బస చేసే చిరునామా పేర్కొనాలి. ధూడ్‌మారాస్ వంటి ఊరిలో బస చేయదలచినవారికి ఆతిథ్యమిచ్చే కుటుంబం తమ పూర్తి చిరునామాను, ఫోన్ నంబరును ముందుగానే పంపడం మంచిది.

పర్యాటకుల రాకపోకల తీరు కూడా గమనించదగినదే. ప్రపంచవ్యాప్తంగా అంతర్జాతీయ పర్యాటకుల సంఖ్య 2024లో సుమారు 140 కోట్లకు చేరి, కరోనా ముందు నాటి స్థాయిని దాదాపుగా అందుకుంది. భారత్‌కు వచ్చే విదేశీ పర్యాటకుల సంఖ్య 2019లో సుమారు 1.09 కోట్లు కాగా 2024లో కోటికి కొంచెం దిగువనే నిలిచింది. విదేశాలకు వెళ్లిన భారతీయుల సంఖ్య మాత్రం అదే కాలంలో సుమారు 2.69 కోట్ల నుంచి 3 కోట్లు దాటింది. వచ్చేవారికంటే వెళ్లేవారు మూడు రెట్లు. ఈ అంకెలను చూస్తే వెళ్లేవారి నిబంధనలే ముఖ్యమనిపిస్తుంది. బస్తర్‌లో పరిస్థితి భిన్నం. అక్కడి కుటుంబాలకు ఒక్కొక్క అతిథి రాక ఒక నెల ఆదాయంతో సమానం కావచ్చు.

కొత్త చట్టం, ఆతిథ్యమిచ్చేవారి బాధ్యత

ఇమిగ్రేషన్, విదేశీయుల చట్టం-2025 గత ఏడాది సెప్టెంబరు 1న, అంటే 2025లో, అమల్లోకి వచ్చింది. 1920 నాటి పాస్‌పోర్టు ప్రవేశ చట్టం, 1939 నాటి విదేశీయుల నమోదు చట్టం, 1946 నాటి విదేశీయుల చట్టం, 2000 నాటి రవాణా సంస్థల బాధ్యతా చట్టం రద్దయి, వాటి స్థానంలో ఈ ఒక్క చట్టం వచ్చింది. సరైన పాస్‌పోర్టు, వీసా లేకుండా దేశంలో ప్రవేశిస్తే ఐదేళ్ల వరకు జైలు, 5 లక్షల రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. నకిలీ పత్రాలు ఉపయోగించినవారికి రెండు నుంచి ఏడేళ్ల జైలు, లక్ష నుంచి 10 లక్షల రూపాయల జరిమానా. వీసా గడువు మీరి ఉండిపోతే మూడేళ్ల వరకు శిక్ష పడవచ్చు.

ఈ శిక్షలు ప్రయాణికులకు సంబంధించినవి. బస్తర్ గ్రామాలకు ఎక్కువగా వర్తించేది బసకు సంబంధించిన నిబంధన. ఇన్నాళ్లూ ఫారం-సి అనే పేరుతో వాడుకలో ఉన్న సమాచార పత్రాన్ని హోటళ్లు, లాడ్జీలు, ధర్మశాలలతో పాటు హోమ్‌స్టేలు కూడా సమర్పించాలి. విదేశీ అతిథి వచ్చిన 24 గంటల్లోగా పాస్‌పోర్టు, వీసా వివరాలు, ఎక్కడి నుంచి వచ్చారు, ఎక్కడికి వెళ్తున్నారు అన్న సమాచారం ఆన్‌లైన్‌లో నమోదు కావాలి. అందుకోసం బస నిర్వాహకులు ముందుగా విదేశీయుల నమోదు అధికారి వద్ద తమ పేరు నమోదు చేసుకుని, లాగిన్ వివరాలు పొందాలి. జిల్లాల్లో సాధారణంగా ఆ అధికారి జిల్లా పోలీసు సూపరింటెండెంటే. విద్యాసంస్థలు తమ విదేశీ విద్యార్థుల సమాచారాన్ని, ఆసుపత్రులు విదేశీ రోగుల సమాచారాన్ని ఇవ్వాలని కూడా కొత్త చట్టం చెబుతోంది.

నగరంలోని హోటల్‌లో ఇది గుమాస్తా ఐదు నిమిషాల్లో ముగించే పని. అడవి అంచున ఉన్న ఊరిలో అలా కాదు. సెల్‌ఫోన్ సంకేతం అందే చోటు ఊరి బయట గుట్టపై ఉండవచ్చు. ఇంటి యజమానికి హిందీ, ధుర్వా లేదా గోండీ వచ్చినా పత్రం భాష వేరు. పాస్‌పోర్టులోని పేరును ఇంటిపేరు, సొంత పేరుగా విడదీసి నింపడమే కొత్తవారికి చిక్కు. గ్రామంలోని ఒకరిద్దరు చదువుకున్న యువకులకు ఈ పని అప్పగించి, హోమ్‌స్టేలన్నీ కలిసి ఒకే చోట నమోదు పనులు చూసుకునే ఏర్పాటు ఆచరణలో అనువైనది. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2025లో ఆమోదించిన హోమ్‌స్టే విధానం బస్తర్, సర్గుజా ప్రాంతాలపై ప్రత్యేక శ్రద్ధ చూపుతోంది. గదుల నిర్మాణానికి ఇచ్చే సాయంతో పాటు ఈ కాగితాల పనిలో శిక్షణ కూడా అందితేనే ఆ విధానం గ్రామస్థుడికి నిజంగా ఉపయోగపడుతుంది.

అమెరికాలోనో బ్రిటన్‌లోనో స్థిరపడిన తెలుగువారు ఒక సంగతి గమనించాలి. ఓసీఐ కార్డు ఉన్నా వారి పాస్‌పోర్టు విదేశానిదే. చిత్రకోట జలపాతం చూడవచ్చి జగదల్‌పూర్ హోటల్‌లో దిగినప్పుడు ‘మేం ఇక్కడివాళ్లమే కదా’ అని వాదించడం వల్ల ప్రయోజనం లేదు. వారి వివరాలు కూడా నమోదు కావలసిందే. వీసా అవసరం లేకపోవడం వేరు, బస సమాచారం వేరు. పాస్‌పోర్టుతో పాటు ఓసీఐ కార్డును కూడా వెంట ఉంచుకోవాలి.

180 రోజులకు మించిన గడువు గల విద్యార్థి, ఉద్యోగ, పరిశోధన వంటి వీసాలపై వచ్చేవారు, దేశంలో అడుగుపెట్టిన 14 రోజుల్లోగా స్వయంగా నమోదు చేసుకోవడం మరో నియమం. పర్యాటకులకు సాధారణంగా ఆ అవసరం రాదు.

ఏ వీసాపై ఏ పని?

బస్తర్‌కు వచ్చే విదేశీయులందరూ జలపాతాల కోసమే రారు. ఘోటుల్ సంప్రదాయం, మురియా, మారియా తెగల జీవనం, లోహశిల్పం దశాబ్దాలుగా మానవశాస్త్రజ్ఞులను, ఛాయాగ్రాహకులను, చిత్ర నిర్మాతలను ఆకర్షిస్తున్నాయి. ఇక్కడే చాలామంది పొరపడుతున్నారు. పర్యాటక వీసాపై ఊరు చూడవచ్చు, ఫొటోలు తీసుకోవచ్చు. పరిశోధన కోసం సమాచార సేకరణకు పరిశోధన వీసా, వార్తా సేకరణకు పాత్రికేయ వీసా, డాక్యుమెంటరీ లేదా సినిమా చిత్రీకరణకు అందుకు తగిన వీసా, అనుమతులు కావాలి. ప్రార్థనా స్థలాలను దర్శించడానికి పర్యాటక వీసా సరిపోతుంది. మత ప్రచారానికి సరిపోదు. నిబంధన ఉల్లంఘించిన విదేశీయుడిని వెనక్కి పంపి, తిరిగి రాకుండా నిషేధించవచ్చు. అతనికి దారి చూపిన స్థానికులు విచారణలు ఎదుర్కోవలసి వస్తుంది.

పూర్వం పరిస్థితి ఇంత స్పష్టంగా లేదు. ఇంగ్లండ్‌లో పుట్టిన వెరియర్ ఎల్విన్ బస్తర్‌లో ఏళ్ల తరబడి తిరిగి, మురియాల ఘోటుల్‌పై రాసిన గ్రంథం 1947లో వెలువడింది. ఆ తరువాత ఆయన భారత పౌరసత్వం స్వీకరించారు. ఆస్ట్రియా దేశీయుడైన క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్-హైమెన్‌డార్ఫ్ కథ ఇంకా ఆసక్తికరం. రెండవ ప్రపంచ యుద్ధం మొదలైనప్పుడు జర్మన్ పాస్‌పోర్టు కలిగి ఉన్నందున బ్రిటిష్ ప్రభుత్వం దృష్టిలో ఆయన శత్రుదేశ పౌరుడయ్యారు. ఆయన కదలికలను హైదరాబాద్ సంస్థానానికి పరిమితం చేశారు. ఆ నిర్బంధ కాలంలోనే ఆయన నల్లమల చెంచుల మధ్య, గోదావరి కొండల్లోని కొండరెడ్ల మధ్య, ఆదిలాబాద్ గోండుల మధ్య పనిచేసి, నేటికీ ప్రామాణికంగా నిలిచిన గ్రంథాలు రాశారు. విదేశీయుల కదలికలపై ఆంక్ష ఒక శాస్త్రానికి మేలు చేసిన సందర్భం చరిత్రలో అరుదుగా కనిపిస్తుంది. విదేశీయుల నమోదు చట్టం వచ్చింది కూడా ఆ యుద్ధం మొదలైన 1939లోనే. ఇటీవల రద్దయిన నాలుగు చట్టాల్లో అదీ ఒకటి.

అబూఝ్‌మాడ్ విషయం వేరు. నారాయణ్‌పూర్ కేంద్రంగా విస్తరించిన ఈ కొండ ప్రాంతంలోకి బయటివారి ప్రవేశాన్ని అప్పటి మధ్యప్రదేశ్ ప్రభుత్వం 1980వ దశకం ఆరంభంలో నియంత్రించింది. ఆ ఆంక్షను 2009లో ఎత్తివేశారు. ఈశాన్య రాష్ట్రాల్లోని కొన్ని ప్రాంతాలకు, అండమాన్ దీవుల్లోని కొన్ని చోట్లకు విదేశీయులు వెళ్లడానికి కావలసిన రక్షిత, నియంత్రిత ప్రాంత అనుమతుల విధానం ఛత్తీస్‌గఢ్‌కు వర్తించదు. అయినా వన్యప్రాణి చట్టాలు, అటవీ శాఖ ప్రవేశ అనుమతులు, భద్రతా బలగాల తాత్కాలిక సూచనలు అందరికీ వర్తిస్తాయి. అన్నిటికీ మించి, ఇది రాజ్యాంగం ఐదో షెడ్యూలు కిందకు వచ్చే ప్రాంతం. గ్రామసభ మాటకు ఇక్కడ చట్టబద్ధమైన విలువ ఉంది. ఇంటివారిని అడగకుండా కెమెరా ఎత్తడం ఏ వీసా ఇచ్చే హక్కూ కాదు.

సంచిలో ఉండకూడనివి

అడవుల్లో తిరగడానికి అలవాటు పడిన విదేశీ పర్యాటకులు ఉపగ్రహ ఫోన్లను, ఉపగ్రహం ద్వారా సందేశాలు పంపే చిన్న పరికరాలను వెంట తెచ్చుకుంటారు. చాలా దేశాల్లో ఇది సాధారణ జాగ్రత్తే. భారత్‌లో టెలికం శాఖ అనుమతి లేకుండా వీటిని కలిగి ఉండటమే నేరం. ఈ సంగతి తెలియక వచ్చిన విదేశీయులను మన విమానాశ్రయాల్లో అదుపులోకి తీసుకున్న ఉదంతాలు ఉన్నాయి. భద్రతా కార్యకలాపాలు సాగిన బస్తర్ వంటి ప్రాంతంలో అటువంటి పరికరం కనిపిస్తే అనుమానం మరింత పెరుగుతుంది. డ్రోన్ విషయమూ అంతే. ప్రస్తుత నిబంధనల ప్రకారం విదేశీ పౌరుడు భారత్‌లో డ్రోన్‌ను తన పేరున నమోదు చేసి ఎగరవేయలేడు. చిత్రకోట జలపాతంపై డ్రోన్ ఎగరవేసి దృశ్యం తీయాలన్న కోరికను పర్యాటకులు విమానం ఎక్కకముందే వదులుకోవాలి.

తిరిగి వెళ్లేటప్పుడు సంచిలో చేరే వస్తువులూ చిక్కులు తెస్తాయి. బస్తర్ ధోక్రా లోహశిల్పానికి 2008లో భౌగోళిక గుర్తింపు లభించింది. మైనపు అచ్చుతో పోతపోసే ఈ శిల్పాలకు చూడగానే ప్రాచీన వస్తువుల కళ ఉంటుంది. వందేళ్లు దాటిన శిల్పాలను దేశం దాటించడాన్ని 1972 నాటి పురావస్తు, కళాఖండాల చట్టం నిషేధిస్తోంది. నిన్న కొండగావ్‌లో పోతపోసిన బొమ్మను కస్టమ్స్ అధికారి పాతదని అనుమానిస్తే ప్రయాణం ఆగిపోవచ్చు. అందువల్ల కొన్న చోట తయారీదారుడి పేరు, తేదీ ఉన్న రసీదు తీసుకోవడం అవసరం. పెద్ద శిల్పాలకు ‘ఇది పురావస్తువు కాదు’ అని భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ ఇచ్చే ధ్రువపత్రం పొందడం ఉత్తమం. నెమలి ఈకల ఎగుమతి నిషిద్ధం. మారియా నర్తకులు తలపై ధరించే అడవిదున్న కొమ్ముల కిరీటం ఎంత ముచ్చట గొలిపినా కొనకూడదు, అమ్మకూడదు. అడవిదున్న వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులోని జంతువు.

భద్రతా సూచనలు, బీమా

విదేశీయుడు బస్తర్‌కు రావాలా వద్దా అన్నది చాలాసార్లు నిర్ణయించేది భారత వీసా కాదు. అతని సొంత దేశం జారీ చేసే ప్రయాణ సూచన. అమెరికా విదేశాంగ శాఖ 2025 జూన్‌లో సవరించిన సూచనలో, మావోయిస్టు బృందాలు తూర్పు మహారాష్ట్ర, ఉత్తర తెలంగాణ నుంచి పశ్చిమ బెంగాల్ పశ్చిమ భాగం వరకు విస్తరించి ఉన్నాయని పేర్కొంది. తమ ప్రభుత్వోద్యోగులు ఛత్తీస్‌గఢ్ సహా కొన్ని రాష్ట్రాల్లో రాజధాని నగరం దాటి వెళ్లాలంటే ప్రత్యేక అనుమతి తీసుకోవాలని తెలిపింది. ఇది సాధారణ పర్యాటకులపై నిషేధం కాదు. అయినా దాని ప్రభావం వారిపైనా పడుతుంది. తమ దేశ ప్రభుత్వం వద్దన్న చోటికి వెళ్తే ప్రయాణ బీమా చెల్లకుండా పోయే షరతు చాలా పాలసీల్లో ఉంటుంది. బీమా లేకుండా పర్యాటక సంస్థలు బృందాలను పంపవు. గ్రామంలోని ఖాళీ గదికి అసలు కారణం అక్కడ ఉంటుంది.

ఇంతలో క్షేత్రస్థాయి పరిస్థితి మారుతూ వచ్చింది. మావోయిస్టు హింసను అంతమొందించడానికి 2026 మార్చి 31ని కేంద్ర ప్రభుత్వం గడువుగా ప్రకటించింది. 2025 అక్టోబరులో కేంద్ర హోం శాఖ తెలిపిన ప్రకారం అత్యంత ప్రభావిత జిల్లాల సంఖ్య ఆరు నుంచి మూడుకు తగ్గింది. అవి బీజాపూర్, సుక్మా, నారాయణ్‌పూర్. బస్తర్ డివిజన్‌లో మొత్తం ఏడు జిల్లాలున్నాయి. పర్యాటకులు వెళ్లే చిత్రకోట, తీరథ్‌గఢ్, కాంగేర్ లోయ ఆ మూడింటిలోనూ లేవు, బస్తర్ జిల్లాలో ఉన్నాయి. విదేశీ ప్రయాణ సూచనలు మాత్రం ఇంత సూక్ష్మంగా జిల్లాల వారీగా రావు. రాష్ట్రం పేరు ఒకసారి చేరితే అది తొలగడానికి ఏళ్లు పడుతుంది. ధూడ్‌మారాస్‌కు ఐక్యరాజ్యసమితి సంస్థ ఇచ్చిన గుర్తింపు, ఛత్తీస్‌గఢ్‌పై ఉన్న హెచ్చరిక ఒకే పర్యాటకుడి ఫోన్‌లో పక్కపక్కనే కనిపిస్తాయి. దేనిని నమ్మాలో అతడు తేల్చుకోవాలి.

పర్యాటకుడు చేయవలసినది ఒకటుంది. బీమా పాలసీలో ఏ ప్రాంతాలను మినహాయించారో టికెట్ కొనకముందే చదవాలి. మారుమూల ప్రాంతం నుంచి అత్యవసర తరలింపు ఖర్చు పాలసీలో ఉందో లేదో చూడాలి. జగదల్‌పూర్‌లో ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రి ఉన్నా, పెద్ద చికిత్సలకు రాయ్‌పూర్ లేదా విశాఖ వెళ్లవలసి రావచ్చు.

బస్తర్ నుంచి బయటి దేశాలకు

కొండగావ్‌కు చెందిన ఘడ్వా శిల్పి జైదేవ్ బఘేల్ తన లోహశిల్పాలతో విదేశీ వేదికలపై బస్తర్ పేరు నిలిపారు. 2025లో పద్మశ్రీకి ఎంపికైన నారాయణ్‌పూర్ దారుశిల్పి పండీరామ్ మండావీ కూడా తన కళను విదేశాల్లో ప్రదర్శించినవారే. ఇటువంటి కళాకారులకు ఆహ్వానం రావడం ఒక ఎత్తు, ప్రయాణ పత్రాలు సిద్ధం కావడం మరో ఎత్తు.

మొదటి మెట్టు పాస్‌పోర్టు. 2025 ఫిబ్రవరిలో సవరించిన నిబంధనల ప్రకారం, 2023 అక్టోబరు 1న లేదా ఆ తరువాత పుట్టినవారికి జనన ధ్రువపత్రం ఒక్కటే పుట్టిన తేదీకి ఆధారం. అంతకుముందు పుట్టినవారు పాఠశాల ధ్రువపత్రం, పాన్ కార్డు, డ్రైవింగ్ లైసెన్సు వంటివి చూపవచ్చు. నేటి పెద్దలకు దీనివల్ల ఇబ్బంది లేదు. ఇప్పుడు పుడుతున్న పిల్లలకు ఉంది. ఇంటి వద్ద ప్రసవం జరిగి, జననం నమోదు కాని బిడ్డ పెద్దయ్యాక పాస్‌పోర్టు కార్యాలయం ముందు నిలబడవలసి వస్తుంది. జననాన్ని 21 రోజుల్లోగా నమోదు చేయిస్తే రుసుము ఉండదు. ఆలస్యమయ్యే కొద్దీ అనుమతులు, ప్రమాణ పత్రాలు పెరుగుతాయి. మారుమూల ఊళ్లలోని ఆశా కార్యకర్తలు, పంచాయతీ కార్యదర్శులు చేసే ఈ నమోదుకు అంతర్జాతీయ ప్రయాణంతో సంబంధం ఉందని ఎవరికీ తట్టదు. కొత్త నిబంధనతో ఆ సంబంధం నేరుగా ఏర్పడింది.

రెండో చిక్కు పేర్ల అక్షరక్రమం. గోండీ పేరును బడిలో హిందీలో ఒక రకంగా, ఆధార్‌లో ఇంగ్లీషులో మరో రకంగా రాస్తే, వీసా దరఖాస్తు సమయంలో అది ఇద్దరు వేర్వేరు వ్యక్తుల వ్యవహారంగా మారుతుంది. చిప్‌తో కూడిన ఈ-పాస్‌పోర్టుల జారీ 2024లో ప్రయోగాత్మకంగా మొదలైంది. తొలి దశలో ఎంపికైన కార్యాలయాల్లో రాయ్‌పూర్, హైదరాబాద్ రెండూ ఉన్నాయి. చిప్‌లో చేరిన అక్షర దోషాన్ని తరువాత సరిచేయించుకోవడం శ్రమతో కూడిన పని. అందువల్ల ముందుగా అన్ని పత్రాల్లో పేరు ఒకేలా ఉండేలా చూసుకోవాలి.

పదో తరగతి పూర్తిచేయని వారి పాస్‌పోర్టుకు ‘ఈసీఆర్’ వర్గం వర్తిస్తుంది. గల్ఫ్ దేశాలు, మలేసియా సహా 18 దేశాలకు ఉద్యోగం కోసం వెళ్లాలంటే వారు 1983 నాటి వలసల చట్టం ప్రకారం అనుమతి పొందాలి. ఈ ముద్ర చూసి కళాకారులు కంగారు పడనక్కరలేదు. ప్రదర్శనకో పర్యటనకో వెళ్లేవారు సరైన వీసా, తిరుగు ప్రయాణ టికెట్ చూపితే ఆ అనుమతి అవసరం ఉండదు. అదే వెసులుబాటును ఆశ చూపి, పర్యాటక వీసాపై ఉద్యోగానికి పంపుతామనే దళారుల పట్ల జాగ్రత్త వహించాలి. కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల గల్ఫ్ కుటుంబాలకు ఈ పాఠం పాతదే.

శిల్పాలను ప్రదర్శించి తిరిగి తెచ్చుకోదలచినవారికి ‘ఏటీఏ కార్నె’ అనే అంతర్జాతీయ కస్టమ్స్ పత్రం ఉపకరిస్తుంది. భారత్‌లో దీనిని వాణిజ్య మండళ్ల సమాఖ్య ఫిక్కీ జారీ చేస్తుంది. దీనితో అనేక దేశాల్లో సుంకం చెల్లించకుండా వస్తువులను తాత్కాలికంగా తీసుకువెళ్లి వెనక్కి తేవచ్చు. అమ్మదలచిన వస్తువులకు ఇది పనికిరాదు.

గమ్యస్థాన దేశాల నిబంధనలూ మారాయి. ఐరోపాలోని షెంగెన్ దేశాలు 2025 అక్టోబరు 12 నుంచి పాస్‌పోర్టుపై ముద్ర వేసే పద్ధతికి బదులు వేలిముద్రలు, ముఖచిత్రం నమోదు చేసే ప్రవేశ-నిష్క్రమణ వ్యవస్థను దశలవారీగా అమలులోకి తెచ్చాయి. ఏళ్ల తరబడి వేడి లోహంతో, మట్టితో పనిచేసిన చేతివృత్తులవారి వేలిముద్రలు అరిగిపోయి ఉండవచ్చు. యంత్రం వాటిని గుర్తించకపోతే అధికారికి ఆ సంగతి వివరించే ఆహ్వాన పత్రం, నిర్వాహకుల ఫోన్ నంబరు దగ్గర ఉండాలి. ఐరోపాకు గతంలో వెళ్లి సకాలంలో తిరిగివచ్చిన భారతీయులకు రెండేళ్లు, ఆపై ఐదేళ్ల గడువుతో పలుమార్లు వెళ్లే వీసాలు ఇచ్చే విధానాన్ని ఐరోపా సంఘం 2024లో ప్రకటించింది. అమెరికా 2025లో చేసిన చట్టం పర్యాటక, విద్యార్థి వంటి తాత్కాలిక వీసాలపై 250 డాలర్ల అదనపు రుసుమును నిర్దేశించింది. ఇంటర్వ్యూ మినహాయింపులను కూడా ఆ దేశం బాగా కుదించింది. అమెరికా దౌత్య కార్యాలయాల పరిధి ప్రకారం ఛత్తీస్‌గఢ్ ముంబయి కిందకు వస్తుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, ఒడిశా హైదరాబాద్ పరిధిలో ఉన్నాయి. ఇంటర్వ్యూ తేదీ దేశంలో ఎక్కడ దొరికితే అక్కడ తీసుకోవచ్చు కనుక బస్తర్‌వాసికి దగ్గరి దారి మళ్లీ హైదరాబాదే.

ఎప్పుడు రావాలి?

కాంగేర్ లోయ జాతీయ ఉద్యానవనం 2025 మార్చిలో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో చేరింది. తెలంగాణలోని ముడుమాల్ నిలువురాళ్లకు కూడా అదే సమయంలో ఆ జాబితాలో చోటు దక్కింది. తాత్కాలిక జాబితా అంటే వారసత్వ హోదా కాదు, ఆ హోదా కోరడానికి తప్పనిసరి అయిన తొలి మెట్టు మాత్రమే. గుడ్డి చేపలకు ప్రసిద్ధి చెందిన కోటుమ్‌సర్ గుహను వర్షాకాలంలో నీరు చేరడం వల్ల మూసివేస్తారు. నవంబరు నుంచి మే వరకు గుహను చూడటానికి అనువైన కాలం. జలపాతాల ఉద్ధృతి చూడాలంటే మాత్రం వర్షాలు వెనుకబట్టే రోజుల్లో రావాలి.

ఆ రోజుల్లోనే బస్తర్ దసరా జరుగుతుంది. రావణ దహనం లేని ఈ పండుగ దంతేశ్వరీ దేవి ఆరాధన. శ్రావణ మాసంలో హరేలీ అమావాస్య నాడు పాట జాత్రతో మొదలై 75 రోజులు సాగుతుంది. 30 రోజుల ఈ-వీసాపై వచ్చిన విదేశీయుడు దీనిని మొదటి నుంచి చివరి వరకు చూడలేడు. రథోత్సవాలు, మురియా దర్బారు వంటి ప్రధాన ఘట్టాలు చివరి రెండు వారాల్లో వస్తాయి కనుక చాలామందికి ఆ వీసా సరిపోతుంది. అడవి నుంచి దుంగలు తెచ్చి రథం చెక్కడం మొదలుకొని అమ్మవారి వీడ్కోలు దాకా అన్నీ చూడాలనుకునేవారు ఏడాది గడువు గల ఈ-పర్యాటక వీసా తీసుకోవాలి. దానిపై ఒక్కో రాకలో సాధారణంగా 90 రోజుల వరకు ఉండవచ్చు. పండుగ ముగిశాక మరో రెండు వారాలు మిగులుతాయి.